పాదలేపమును వీఁపుబరువును: హిమవత్పాదయాత్రా రచనలపై నొక పరిశీలనము

మన వాఙ్మయమునఁ బర్వతవర్ణనలకుఁ గొదువ లేదు. లాక్షణికులు శైలవర్ణనమును అష్టాదశ వర్ణనలలో నొకటిగాఁ బరిగణించిరి, కవులు పాటించిరి, విమర్శకులు ఆ వర్ణనలలోని యలంకారములను, శబ్దసౌష్ఠవమును, ఛందోవైచిత్రిని విపులముగాఁ బరిశీలించిరి. కాని యొక చిన్న ప్రశ్నను మనము దఱచుగా నడుగము. ఆ కొండ నెక్కినవాఁ డెవఁడు? తన కాళ్లతోనే యెక్కెనా? వాని మూట నెవరు మోసిరి? ఈ ప్రశ్నలు కావ్యమునకు బాహ్యములనియు, రసాస్వాదమునకు వీనితోఁ బని లేదనియుఁ గొంద ఱనవచ్చును. పర్వతయాత్ర వస్తువుగాఁ గల రచనలలో నవి బాహ్యములు కావనియు, వర్ణనలోని సత్యమును దెలిసికొనుటకు నవియే ముఖ్యసాధనములనియుఁ జూపుట యీ వ్యాసోద్దేశము.

ఇందులకై నేను గైకొనిన క్షేత్రము విశాలమైనది కాదు. ఉత్తరాఖండమునందలి చమోలీ జిల్లాలో, బదరీనాథమునకుఁ జేరువగా, నందాదేవి జాతీయోద్యానమును, పూలలోయ జాతీయోద్యానమును గలవు. రెండును 1982లో జాతీయోద్యానములుగాఁ బ్రకటింపఁబడినవి. వీఁపున సంచి తగిలించుకొని, దుప్పటియు దినుసులును నందే యిముడ్చుకొని, దినములకొలఁది కొండదారులఁ దిరుగు నలవాటు నేఁడు మన విద్యార్థులలో విస్తరించినది. పూలలోయ వారికి మిక్కిలి యిష్టమైన గమ్యము. ఈ రెండు స్థలములను గుఱించి వ్రాయువా రందఱును దెలిసియో తెలియకయో రెండు ఆంగ్లగ్రంథములకు ఋణపడియున్నారు. ఒకటి ఎరిక్ షిప్టన్ 1936లోఁ బ్రకటించిన ‘నందాదేవి’. రెండవది ఫ్రాంక్ స్మైత్ 1938లోఁ బ్రకటించిన ‘పూలలోయ’. వీనిని మన కావ్యములలోని హిమవద్యాత్రలతోఁ జేర్చి చదివినచో రెండు పక్షముల గుణదోషములును స్పష్టమగునని నా విశ్వాసము.

ముందుగా మనుచరిత్రము. అరుణాస్పదపురవాసియగు ప్రవరునకుఁ దీర్థములు చూడవలెనను కోరిక బలవత్తరము. కాని నిత్యకర్మలు, వృద్ధులగు తల్లిదండ్రులు, అతిథిపూజలు నతని నిల్లు కదలనీయవు. ఒకనాఁడు సిద్ధుఁ డొకఁ డతిథియై వచ్చి తాను జూచిన దేశములను వర్ణించును. వినిన ప్రవరునకు సందేహము కలుగును. ఈతనికి ఱెక్కలు లేవు, చూడఁ జిన్నవాఁడు, ఇన్ని దేశములు దిరుగుట కెన్ని యేండ్లు పట్టవలయును? ఇది నడకయనఁగా నేమో తెలిసినవాని సందేహము. దూరమునకుఁ గాలము ధరగాఁ జెల్లింపవలయునని యెఱిఁగిన గృహస్థుని సందేహము. సిద్ధుఁడు దానికిఁ బాదలేపముతో సమాధానము చెప్పును. ఆ లేపము ప్రవరుని కాళ్లకుఁ బూయఁబడును. అతఁడు హిమవంతమును జేరును.

అతఁడు చేరిన హిమవంతమును వర్ణించు చంపకమాల తెలుఁగువా రందఱకును గంఠస్థము. ఆ పద్యమున ఆకాశము నంటు శిఖరములనుండి దొరలు సెలయేళ్లున్నవి. వాని తరంగములు మద్దెలవలె మ్రోయును. ఆ మ్రోఁతకుఁ బురి విప్పిన నెమళ్లున్నవి. చరియలఁ దిరుగు నాఁడేనుఁగుల తొండములు కదలింప నూఁగు చెట్లున్నవి. వాక్యమున కంతకును నాధారమైన క్రియ యొక్కటే: ‘కాంచె’. ప్రవరుఁడు చూచెను. కొండ పేరులో శీతమున్నది. చూచినవాని మేనిలోఁ జలి లేదు. ఊపిరి యెగఁబోయుట లేదు. పిక్కల నొప్పి లేదు. ధ్వనియు దృశ్యమును మహాద్భుతముగా నున్నవి. శరీరము మాత్రము లేదు. నడువక వచ్చినవానికి దొరకు పర్వత మిట్టిదే యగును. అది రంగస్థలము, యాత్రికుఁడు ప్రేక్షకుఁడు.

ఇంతమాత్రమునఁ బెద్దన నాక్షేపింపఁ బూనుట తొందరపాటు. ఆ మహాకవి యీ లోపమును దా నెఱిఁగియే కథను నడపెను. ఎండకుఁ గరఁగిన మంచునీటిలో లేపము గరఁగిపోయినది. ఇల్లు చేరఁదలఁచిన ప్రవరునకుఁ గాళ్లు సామాన్యుల కాళ్లైనవి. అప్పుడు గదా యతనికిఁ గొండ కొండగాఁ గానవచ్చినది! దారి యేది, దిక్కేది యని వెదకవలసివచ్చినది. గాలిలోని పరిమళమును బట్టి మనుష్యుల జాడ నూహింపవలసివచ్చినది. తుదకు వరూధినిని జూచి యడిగిన మొదటి సంగతులలో దారియుఁ జేరినది. అంతవఱకును జూచుటయే పనిగాఁ గల పురుషుఁ డడుగుటయుఁ దెలిసికొనెను. లేపము గరఁగిన పిమ్మటనే కథ పుట్టినదని చెప్పినచో నతిశయోక్తి కాదు. అయినను నా నడక కొన్ని యడుగులే. అగ్నిదేవుఁ డతనిని మరల నింటికిఁ జేర్చెను. రెండు దివ్యవాహనముల నడుమ దొరకిన యీ స్వల్పమానుషావకాశమే మనుచరిత్రమునందలి పాదయాత్ర.

మహాభారతమున స్థితి వేఱు. అరణ్యపర్వమునఁ బాండవులు గంధమాదనమునకుఁ బోవునప్పుడు గాలివానలోఁ జిక్కి, నడువలేక ద్రౌపది సొమ్మసిల్లును. రాజసూయము చేసిన ధర్మరాజునకు భార్యను మోయించుటకుఁ బల్లకీ లేదు. భీముఁడు తలఁచినంతనే ఘటోత్కచుఁడు వచ్చును. అతఁడు ద్రౌపదిని మోయును; అతని వెంట వచ్చిన రాక్షసులు పాండవులను, విప్రులను మోయుదురు; అందఱును బదరికాశ్రమమును జేరుదురు. ఈ ఘట్టమును మన మద్భుతరసమునకు వదలివేయుదుము. కాని దీని విశేష మద్భుతమున లేదు. మోసినవానికిఁ బేరున్నది, మోయఁబడిన వారితో సంబంధమున్నది, అతనిఁ బిలుచుటకు ముందు తమ కాళ్లు చాలలేదను నొప్పుదల యున్నది. నన్నయభట్టు తెనిఁగించిన భాగములోని దీ కథ. హిమవన్మార్గమున బరువు మోసినవానిని మన కావ్యభాష తొలిదినములలోనే యింత గౌరవముతోఁ బేర్కొన్నదనుట గమనింపఁదగినది.

ఇంకొక సంగతి. గాలి కొట్టికొనివచ్చిన సౌగంధికపుష్పమును జూచి ద్రౌపది ముచ్చటపడుటయు, భీముఁ డా పూవులకై పోవుటయు దీని తరువాతి కథ. మోఁత ముందు, పువ్వు వెనుక. పూలలోయయే యా సౌగంధికముల చోటని యాత్రికులకుఁ జెప్పుట నేఁడును గలదు. ఆ చెప్పువారు పువ్వును దలఁతురు, ఘటోత్కచునిఁ దలఁపరు.

మహాప్రస్థానమున మోయువారును లేరు. ద్రౌపదియు, సహదేవ నకులార్జున భీములును వరుసగాఁ బడిపోవుదురు. ధర్మరాజు కుక్కతోఁ గూడ నడచుచునే యుండును. అక్కడఁ గొండను వర్ణించుటకుఁ దిక్కన సోమయాజి యాగలేదు. పడుటయు నడచుటయు నను రెండే క్రియలు చాలినవి. శ్రీశైలమునకు వత్తము. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమునఁ బర్వతప్రకరణ మొకటి యున్నది. శివరాత్రికి మల్లికార్జునుని జూడఁబోవు భక్తజనము, వారు పాడు తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, వెన్నెలపదములు మనకుఁ దెలియుట యా ప్రకరణము వలననే. జానపదగేయచరిత్రకారులు దీనిని బలుమార్లు పేర్కొనిరి. పాటకు నడకతోఁ గల సంబంధమును మాత్రము వారు తగినంతగాఁ బట్టించుకొనలేదు. ఎగువకుఁ బోవు సమూహమునకుఁ బాట యలంకారము కాదు. అది యడుగును నిలుపు సాధనము. ఈ వస్తువునకుఁ జంపకమాల కంటె ద్విపద యనువగుటకుఁ గారణ మిదియే యని తోఁచుచున్నది.

గద్యమున మన కొజ్జబంతి ఏనుఁగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన యీయన 1830 మే మాసమున బయలుదేఱి, తిరుపతి, అహోబలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీఁదుగాఁ గాశికిఁ బోయి, 1831 సెప్టెంబరులోఁ దిరిగివచ్చెను. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో నచ్చుపడినది. ఆయన పెద్ద పరివారముతోఁ బల్లకీలోఁ బోయిన ప్రభువు. మన విద్యార్థులవలె వీఁపున సంచి మోసినవాఁడు కాఁడు. అయినను దినదినమును మజిలీల దూరమును, దారి రాతిగొట్టో యిసుకపఱయో, నీరు దొరకునో దొరకదో, యే యూరఁ గావలసిన వస్తువులు లభించునో వ్రాసికొనుచుఁ బోయెను. పల్లకీలోఁ గూర్చున్నవానికి దారి గట్టిదో మెత్తనిదో యెట్లు తెలిసెను? బోయీల కాళ్లవలనఁ దెలిసెను. ఆ పుస్తకమునందలి మార్గజ్ఞానములోఁ జాలభాగము మోయువారి పాదముల జ్ఞానము. దానిని వ్రాయుటకుఁ దగదని యాయన తలఁపలేదు. ఇది సామాన్యగుణము కాదు.

ఈ సాధనములతో నిప్పు డాంగ్లగ్రంథములను సమీపింతము. నందాదేవి 7,816 మీటర్ల శిఖరము. దానిని జుట్టి గోడవలె నిలిచిన పర్వతవలయములో ఋషిగంగ పాఱు ఇఱుకు కనుమ దక్క వేఱు తెఱపి లేదు. ఆ కనుమగుండ లోపలి పచ్చికబయళ్లను జేరుటకు జరిగిన పూర్వప్రయత్నములు ఫలింపలేదు. 1934లో ఎరిక్ షిప్టన్, హెచ్. డబ్ల్యు. టిల్మన్ అను నిద్దఱు, అంగ్ థర్కే, పసంగ్, కుసంగ్ అను ముగ్గురు షెర్పాలతోఁ గలిసి యా కనుమను దాఁటిరి. అప్పటి యాత్రలు వందలకొలఁది కూలీలతో, డబ్బాలలోని తిండితో, సేనాప్రయాణములవలె సాగుచుండెను. వీ రైదుగురే. బరువు లొక్కసారి మోయుటకు నధికము లగుటచే నొకే చరియమీఁద ముందునకును వెనుకకును బలుమాఱులు నడచిరి. దొరలును మోసిరి.

ఈ పలుమాఱుల నడక షిప్టన్ వచనమునకు రూపమిచ్చినది. ఆయన గ్రంథమున నొక బండరాయి యొక్కసారి వర్ణింపఁబడి మఱవఁబడదు. ఉదయమున భయపెట్టిన చోటు సాయంకాలమునకుఁ బరిచితమగును. బరువుతో దాఁటునపు డొక రీతిగను, వట్టిచేతులతోఁ దిరిగివచ్చునపు డొక రీతిగను దోఁచును. ప్రబంధకవి కొండకుఁ బది విశేషణము లిచ్చును. షిప్టన్ ఒకే చరియ నయిదుసార్లు దాఁటించును. పునరుక్తి యిట దోషము కాక గుణమగుచున్నది. వీఁపుమీఁది బరువు వచనశైలిని మార్చునన్న నా ప్రతిపాదనకు నింతకంటె మంచి నిదర్శనము నాకు దొరకలేదు.

ఆ వర్షకాలమున వీరు చేసిన మఱియొక ప్రయాణము తెలుఁగు పాఠకుల కెంతయు నాసక్తికరము. పూర్వ మొక యర్చకుఁడు బదరీనాథమునను గేదారనాథమునను నొక్కదినముననే పూజలు జరిపెడివాఁడని యా ప్రాంతమున నొక యైతిహ్య మున్నది. నేఁడు రోడ్డుమార్గమున నీ రెండు క్షేత్రముల నడిమి దూరము 200 కిలోమీటర్లకు మించును. షిప్టన్ ఈ యైతిహ్యమును విని, సతోపంథ హిమానీనదము మీఁదుగా నడ్డుగోడవలె నున్న పర్వతపంక్తిని దాఁటి యావలి లోయకు దిగఁ బూనెను. ఒక్కదినపు దారి యని కథ చెప్పినచోట దినములు గడచినవి. మంచు దిగినంతనే దట్టమైన యడవి, ఎడతెగని వాన, పొంగుచున్న యేఱులు, సంచులలోని దినుసులు నిండుకొనినవి. వెదురుమొలకలు దిని ప్రాణములు నిలుపుకొనిరి. ఆ మొలకలకు నెలుఁగుబంట్లు పోటీవచ్చినవి.

ఆ యర్చకుఁడెవఁడు? మన పాదలేపసిద్ధుని యన్నదమ్ముఁడే. హిమవంతమున దూరములు మనుష్యుని కోరికకంటె దీర్ఘము లగుటచే నట్టి సిద్ధులను లోకము సృష్టించుకొనును. పెద్దన యా కోరికను గావ్యముగాఁ జేసెను. షిప్టన్ ఆ కోరికను గాళ్లతోఁ గొలిచెను. ఇందులో నొకటి సత్యము, ఒకటి యసత్యము నని నేననను. యైతిహ్యము లేకున్న షిప్టన్ ఆ దారినిఁ బట్టెడివాఁడు కాఁడేమో. నడక లేకున్న యైతిహ్యమునందలి యాశ యెంత గొప్పదో మనకుఁ దెలియదు. ఒకటి రెండవదానికి వ్యాఖ్యానము.

షిప్టన్ రచనకును లోపమున్నది. పటముమీఁదఁ దెల్లగా విడువఁబడిన చోటు మనుష్యు లెఱుఁగని చోటని యాయన పలుమార్లు భావించును. లోపలి లోయలో నెవరును బాదము మోపకుండవచ్చును. కాని ఋషిగంగ వెలుపలనున్న లాతా, రేణీ గ్రామములవారికి నందాదేవి కులదేవత. చూడనిచోటును మనుష్యులు పూజతో నెఱుఁగుదురు. ఆ యెఱుక పటములకు నెక్కదు. అయినను తనతో బరువు పంచుకొని మోసినవారి విషయమున షిప్టన్ పొరపాటు పడలేదు. షెర్పా లాయనకుఁ బనివాండ్రు కారు, తోడివారు. వారి హాస్యము, వారి మొండితనము, మార్గముఁ గనుఁగొను వారి నేర్పు గ్రంథమంతటను వ్యాపించియున్నవి. ఘటోత్కచునిఁ బేర్కొన్న కావ్యసంప్రదాయమునకు నీ వచనము దగ్గఱిచుట్టము.

ఫ్రాంక్ స్మైత్ వేఱు స్వభావము కలవాఁడు. 1931లో 7,756 మీటర్ల కామెట్ శిఖరము నెక్కి దిగుచు, ఆయనయు మిత్రులును భ్యుందార్ కనుమను దాఁటి, పూలతో నిండిన లోయలోనికి వచ్చిరి. అప్పటివఱకు స్థానికులకు భ్యుందార్ లోయగాఁ దెలిసిన దానికిఁ బూలలోయ యను పేరు వారు పెట్టినదే. 1937లో స్మైత్ నలుగురు షెర్పాలతో మరల వచ్చి, వారములకొలఁది గుడారములో నుండి, మొక్కలను విత్తనములను సేకరించెను. ఆ యనుభవమే 1938 నాఁటి గ్రంథము.

స్మైత్ వచనమందు మాధుర్యమున్నది. ఆయన తోఁటమాలి కన్నులతోఁ జూచును. ఒక్కొక్క పువ్వు గుడారమునకుఁ బొరుగిల్లువలె నుండును. ఉదయకాలపు మంచుబిందువు మొదలు రాత్రి మేఘముల వఱకుఁ బ్రశాంతియే ప్రధానరసము. మహానగరముల రొదకు, రానున్న యుద్ధపు నీడలకు నెదురుగా నిలిపిన ప్రశాంతి యది. కాని యా ప్రశాంతి యెవరి శ్రమపై నిలిచినది? షెర్పాలు పేర్లతోనే వత్తురు, ప్రేమతోనే వర్ణింపఁబడుదురు, అయినను వారు సేవకులుగా వత్తురు, తోడివారుగాఁ గాదు. మంచులోఁ గనఁబడిన పెద్ద పాదముల జాడల ప్రకరణమే తార్కాణము. షెర్పాలవి మంచుమనిషి జాడలని భయపడిరి. స్మైత్ వానిని గొలిచి, ఛాయాచిత్రములు తీసి, యెలుఁగుబంటివని నిరూపించెను. నిరూపణ సరియైనదే. కాని యొకే మంచుపై నడచిన రెండుజతల కాళ్లు రెండు వేఱు కథలనేల చెప్పుచున్నవో యాయన విచారింపలేదు. ఒకరి నమ్మకము వస్తువైనది. ఒకరి కొలత తీర్పైనది.

అంతకంటె ముఖ్యమైన దింకొకటి. స్మైత్ లోయ ప్రధానముగా నిర్జనము. గొఱ్ఱెలమందలతో వేసవిలో నా పచ్చికకు వచ్చు భోటియాకాపరు లాయన చిత్రమున నంచునందే నిలుతురు. పువ్వులకును జూచువానికిని నడుమ మూఁడవవాఁ డుండరాదను కోరిక యా గ్రంథమున నంతర్లీనముగా నున్నది. ఆ గ్రంథము వెలువడిన మఱుసటి సంవత్సరము, 1939లో, జోన్ మార్గరెట్ లెగ్గె యను వృక్షశాస్త్రజ్ఞురాలు పూలకై యచ్చటికి వచ్చి చరియనుండి జాఱిపడి మరణించెను. ఆమె సమాధి నేఁటికిని లోయలో నున్నది. పువ్వులనడుమ నున్న యా ఱాయి, కొండ ప్రేక్షకుల రంగస్థలము కాదని మౌనముగాఁ జెప్పుచున్నది.

1982 తరువాతి చరిత్ర విమర్శకుఁడు విస్మరింపరానిది. పూలలోయ యుద్యానముగాఁ బ్రకటింపఁబడుటతో నందుఁ బశువుల మేఁత నిషేధింపఁబడినది. పిమ్మట నొక జాతి పొదమొక్క విపరీతముగాఁ బెరిగి పూలను గప్పివేయుచున్నదని శాస్త్రజ్ఞులలోఁ జర్చ పుట్టినది. మేఁత మానుటయే కారణమని కొందఱు, కాదని కొందఱు వాదించిరి. నందాదేవి యంతర్భాగము యాత్రికులకును బర్వతారోహకులకును మూయఁబడినది. కట్టెలు నఱకుట, చెత్త విడుచుట, వేఁటలవలనఁ గలిగిన హాని వాస్తవము. మూయుటకుఁ గారణములు బలమైనవే. కాని యా దారిలో బరువులు మోసియు, మందలఁ గాచియు బ్రతికిన లాతా మొదలగు గ్రామములవారికి జీవనోపాధి పోయినది. 1974లో గౌరాదేవి నాయకత్వమున రేణీగ్రామ స్త్రీలు చెట్లను గాపాడిన యుద్యమ మీ లోయముఖముననే జరిగినది. అడవిని గాచినవారికే యడవి మూఁతపడుట యందలి వైపరీత్యమును వారు పలుమార్లు చెప్పికొనిరి. 2001లో లాతావాసులును దత్ప్రాంతీయులును ‘నందాదేవి ప్రకటన’ వెలువరించి, యాత్రలు జరుగుచో నవి స్థానికుల యాధ్వర్యమున జరుగవలెనని కోరిరి. 2003 నుండి పరిమితముగా యాత్రకు ననుమతి లభించినది. స్మైత్ పుస్తక మీ చట్టములకుఁ గారణమని నేను వాదింపను. మనుష్యులు లేని ప్రకృతియే శుద్ధప్రకృతి యను భావము పుస్తకమునను జట్టమునను గలదని మాత్రమే నా మనవి.

ఇంతదూర మితరులను దూఁచిన త్రాసులో నన్ను నేను దూఁచికొనకుండుట న్యాయము కాదు. కొన్ని సంవత్సరముల క్రింద నొక శ్రావణమాసమున నేనును వీఁపున సంచితో నా దారిఁ బట్టితిని. గోవిందఘాటు వద్ద రోడ్డు దిగి, పుల్నా గ్రామము దాఁటి, యేటివెంట ఘాంఘరియాకు నెక్కవలయును. 2013 నాఁటి వఱదలు పాతదారిని గొంతమేర గొట్టికొనిపోఁగాఁ గొత్తగా వేసిన దారి యది. ఉద్యానములో రాత్రి గుడారము వేయుటకు ననుమతి లేదు. ఘాంఘరియాలో బసచేసి, ఉదయమున లోయలోనికిఁ బోయి, సాయంకాలమునకు మరలి రావలయును. సంచిలో బట్టలు, మందులు, ఒక దుప్పటి, మనుచరిత్రము. సగము దారిలో వాన పట్టుకొన్నది. నలువదులు దాఁటిన నా మోఁకాళ్లు మొండికెత్తినవి. కండీ యనెడు వెదురుబుట్టను వీఁపునఁ గట్టుకొని బరువులు మోయు నొక నేపాలీ యువకుఁడు కూలి మాటాడుకొని నా సంచిని గైకొనెను. ఆపై నాకుఁ గొండ యెంతయో యందముగాఁ గానవచ్చినది.

మఱునాఁడు పుష్పవతీనదీతీరమునఁ దిరిగితిని. నీలిగసగసాలపువ్వును జూచి చాలసేపు నిలిచితిని. తిరిగివచ్చి దినచర్యలోఁ బదునొకండు పుటలు వ్రాసితిని. ఈ వ్యాసమునకై యా పుటలను దీసి చదువఁగా, రంగులకు నుపమానములు, మబ్బులకు నుత్ప్రేక్షలు, ప్రవరునిపై నొక చమత్కారము కనఁబడినవి. నా సంచి మోసిన యువకుని గుఱించి యున్నది కర్చులపట్టికలో నొక్క పంక్తి: కూలిమొత్తము. పే రడుగలేదు. ఏ యూరివాఁడో యడుగలేదు. అతని కాళ్ల కా దారి యెట్లుండెనో యడుగలేదు. వీరాస్వామయ్య తన బోయీల కాళ్లనుండి నేర్చిన దానిలో శతాంశమైనను నేను నేర్వలేదు. ఆ కూలిపైకమే నా పాదలేపమని నాకుఁ దరువాతఁ దెలిసినది. బరువు దిగినంతనే నా వచనము ప్రబంధమైనది. ప్రబంధమునందలి ప్రతిభ మాత్రము రాలేదు.

కావునఁ బర్వతయాత్రారచనలను బరిశోధించు విద్యార్థులు మూఁడు ప్రశ్నల నడుగవలెనని సూచించుచున్నాను. మొదటిది, రచయిత శరీర మా రచనలో నున్నదా? ఆఁకలి, అలసట, చలి యనునవి వర్ణన నెచ్చట మార్చినవి? రెండవది, బరువు మోసినవారెవరు? వారికిఁ బేరును మాటయుఁ గలవా, లేక కర్చులపట్టికలో నణఁగిరా? మూఁడవది, ఆ కొండ నంతకుముం దెఱిఁగిన కాపరి, అర్చకుఁడు, గ్రామస్త్రీ యా పుటలలో నెచ్చట నున్నారు? ఈ మూఁటికి నుత్తరము లేనంతమాత్రమున రచన నీరసమని తీర్పు చెప్పరాదు. పెద్దన పద్యము మూఁటికిని దూరమైనను మహాపద్యమే. కాని యది చూచినవాని పద్యమనియు, నడచినవానిది కాదనియుఁ దెలిసి చదువుట మేలు. మన విమర్శ యీ భేదమును బాటింపకపోవుటచేతనే నేఁటి యాత్రావ్యాసములు వచనములో వ్రాసిన పర్వతవర్ణనలుగా మిగులుచున్నవి.

మన సంప్రదాయమున నీ పనికిఁ గావలసిన సామగ్రి యున్నది. అలసిన ద్రౌపదియు, పేరుగల మోఁతగాఁడును, పాడుచు నెక్కు భక్తజనమును, దారిలోని ఱాళ్లను వ్రాసికొన్న వీరాస్వామయ్యయు మనవారే. కేదారనాథమున నేఁటికినిఁ బ్రధానార్చకులు వీరశైవులే. సోమనాథుఁడు తెలిసినవారి కా యెక్కుడు దారి పరాయిది కాదు. కావలసినది సంచి నెత్తుకొనుట. ఎత్తలేనిచో నెత్తినవానిఁ బేరు పెట్టి పిలుచుట. ప్రవరుని కథలోఁ బాదలేపము గరఁగుట కవి చేసిన యుపకారము. నడచి వ్రాయఁదలఁచినవాఁ డా యుపకారమును దనకుఁ దానే చేసికొనవలసియున్నది.